మాండవీ తీరమున పాత గోవా

హోసపేటలో పడమటి దిక్కుగా పోవు రైలుబండి యెక్కినప్పుడు మేమొక ప్రాత త్రోవను పట్టితిమని మాకు తెలియును. 500 ఏండ్ల క్రిందట ఆ దిక్కునుండి గుఱ్ఱములు నడచి వచ్చెడివి. అరేబియా రేవులనుండియు, పారసీక తీరమందలి హోర్ముజు ద్వీపమునుండియు ఓడలలో వచ్చిన గుఱ్ఱములు గోవాలో దిగి, కనుమలెక్కి, విజయనగరము చేరుచుండెడివి. దూరదేశములనుండి ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు ఓడవర్తకులను రాజు ఆదరించి తనవారినిగా చేసికొనవలెననియు, ఆ సరకు పగవారి చేతికి పోనీయరాదనియు శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పియున్నాడు. ఆ నీతి వెనుకనున్న రేవులలో గోవా ముఖ్యమైనది. విజయనగర శిథిలములను పెక్కుమారులు చూచిన మేము ఆ త్రోవ రెండవ కొనను గూడ చూడవలెనని చిరకాలము అనుకొని, ఒక శీతకాలమున బయలుదేరితిమి. మేము నలుగురము పెద్దలము. మాలో నొకరి మనుమడు, బెంగళూరులో చదువుకొనుచున్న పండ్రెండేండ్ల బాలుడు, సెలవులకు వచ్చి యుండుటచే మా వెంట వచ్చెను.

బండి లోండా దాటి కేజిల్‌రాక్ స్టేషను చేరునప్పటికి గాలి మారినది. అచ్చటినుండి ఇనుపదారి సొరంగములలో దూరుచు, అడవుల నడుమ మెలికలు తిరుగుచు క్రిందికి దిగును. ఒకచోట కొండ నెత్తినుండి 300 మీటర్లకు పైబడిన యెత్తున తెల్లని నీటిధార జారును. దానిని దూధ్‌సాగర మందురు. శీతకాలమగుటచే ధార సన్నగిల్లి యుండెను. అయినను బాలుడు కిటికీ విడువలేదు. ఆ నీరు పోయి మాండవిలో కలియును. కర్ణాటకమున బెళగావి జిల్లా అడవులలో మహాదాయి యను పేర పుట్టిన నదియే గోవాలో మాండవి యగును. ఒకచోట ఒక పేరుతో పుట్టి, మఱియొకచోట వేరొక పేరుతో పిలువబడుట మా కుటుంబములకు క్రొత్త గాదు. కావున ఆ నది మాకు దారిలోనే చుట్టమైనది.

మేము మడగాములో దిగి, పణజిలో బసచేసి, మరునాటి యుదయమున పాత గోవాకు పోతిమి. పణజినుండి తూర్పుగా సుమారు 10 కిలోమీటర్లు. త్రోవ చాలవరకు నదినంటియే పోవును. పణజి, రిబందరు ఊళ్ల నడుమ నున్న బురదనేలలపై 17వ శతాబ్దిలో లిన్యారెస్ ప్రభువను వైస్రాయి కట్టించిన రాతిబాట నేటికిని బండ్లను మోయుచున్నది. ఎడమవైపు మాండవి, ఆవలి యొడ్డున మడ అడవులు, దీవులు; కుడివైపు కొబ్బరితోటలు, ఎఱ్ఱపెంకుల ఇండ్లు. కోనసీమ నెరిగినవారికి కనులు చల్లబడు దారి యది.

చరిత్ర చదువువారు ఇచ్చట నొక పొరపాటు పడవచ్చును. పటములలో గోవా వేల్హా యను ఊరొకటియు, వేల్హా గోవా యను నగర మొకటియు కనబడును. ‘వేల్హా’ యనగా పోర్చుగీసు భాషలో పాత. మొదటిది జువారి నది యొడ్డున కదంబరాజుల గోపకపట్టణ ముండిన చోటు. రెండవది మాండవి యొడ్డున వెలసిన రేవునగరము. మేము చూడవచ్చినది ఈ రెండవదానిని. 14వ శతాబ్ది చివర విజయనగరపు మంత్రి మాధవుడు గోవాను గెలిచెను. సుమారు ఒక శతాబ్దము అది విజయనగరమునకు గుఱ్ఱముల రేవుగా నుండెను. 1472లో బహమనీ మంత్రి మహమ్మదు గవాను దానిని పట్టుకొనెను. బహమనీ రాజ్యము చీలిన పిమ్మట అది బిజాపురపు ఆదిల్‌షాహీల వశమయ్యెను.

1509లో కృష్ణదేవరాయలు సింహాసన మెక్కెను. మరు సంవత్సరమే పోర్చుగీసు సేనాని అఫోన్సో ద అల్బుకర్కు గోవాపై బడెను. హొన్నావరపు తిమ్మయ్య, పోర్చుగీసువారు తిమోజా యని వ్రాసినవాడు, అతనికి దారిచూపెను. ఒకమారు గెలిచి, ఆదిల్‌షాహీ సైన్యము తిరిగి రాగా వదలి, 1510 నవంబరు 25న అల్బుకర్కు నగరమును మరల పట్టుకొనెను. ఆ గెలుపు వెంట నగరమందలి ముస్లిముల వధ జరిగినది. అతడు తన రాజునకు వ్రాసిన లేఖలోనే ఆ సంగతి చెప్పుకొనెను. ఆ దినము కేథరీను అను పునీతురాలి పండుగ. తరువాత కట్టిన ప్రధాన మందిరము ఆమెకు అంకితమగుటకు కారణ మదియే. మందిరములు చూచువారు శిల్పముతో బాటు ఈ కథను గూడ మనసున నుంచుకొనవలెను.

మేము మొదట నదిరేవునకే పోతిమి. ఆ నగరమునకు సింహద్వారము నది వైపుననే యున్నది. దానిని వైస్రాయిల తోరణ మందురు. వాస్కో డ గామా వంశీయుడే వైస్రాయిగా నున్నప్పుడు, 16వ శతాబ్ది చివర, ఎఱ్ఱని చిల్లులరాతితో దానిని కట్టించి, నదివైపున డ గామా విగ్రహమును నిలిపెను. క్రొత్తగా వచ్చిన ప్రతి వైస్రాయియు ఓడ దిగి, ఈ తోరణము క్రిందుగా నడచి నగరము ప్రవేశించుట ఆచారము. అది కూలిపోగా 1954లో మరల కట్టిరి. దానికి కొంచెము దూరమున ఆదిల్‌షాహీ కోటవాకిలి మిగిలినది. రెండు నల్లరాతి స్తంభములు, వానిపై నొక దూలము, అంతే. వెనుక కోట లేదు, ముందు ప్రజ లేరు. వాకిలి మాత్రము తెరచి యున్నది.

ఈ రేవుచుట్టునే ఒకప్పుడు తూర్పుదేశములందెల్ల పేరెన్నికగన్న నగర ముండెను. ఉన్నతదశలో దాని జనసంఖ్య రెండు లక్షల వరకు ఉండెనని అంచనా. ఆ సంపదలో విజయనగరపు పాలు చిన్నది గాదు. 1520లో రాయచూరు యుద్ధమున క్రిస్టోవావ్ ద ఫిగెరీదో యను పోర్చుగీసు వర్తకుడు తన తుపాకివారితో రాయల పక్షమున నిలిచెను. ఆ కాలముననే డొమింగో పేస్, తరువాత సుమారు 15 ఏండ్లకు న్యూనిజ్, విజయనగరమును చూచి, తాము కన్నదానిని వ్రాసిపెట్టిరి. రాయల కొలువును, మహర్నవమి వేడుకలను కనులార చూచినట్లు నేడు మనము చెప్పుకొనగలుగుటకు ఆ వ్రాతలు ముఖ్యాధారములు. 1565లో రక్కసితంగడి యుద్ధముతో విజయనగరము కూలినప్పుడు గోవాలో గుఱ్ఱముల బేరమును కూలెను. కొనువాడు పోయిన పిమ్మట అంగడి యెంత గొప్పదైన నేమి?

రేవునుండి కొంచెము నడచిన ‘సే’ మందిరము. ‘సే’ యనగా పీఠము. బిషప్పు పీఠమున్న చర్చి యగుటచే ఇది కెథీడ్రలు. 1562లో మొదలిడిన కట్టడము 1619లో ముగిసినది. లోపలి బలిపీఠముల పని 1652 వరకు సాగెను. పొడవు 76 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. ఆసియా ఖండమందలి మిక్కిలి పెద్ద చర్చిలలో నిది యొకటి. లాటరైటను ఎఱ్ఱరాతిపై సున్నపు పూత పూసి తెల్లగా నుంచుదురు. ఆ ఎఱ్ఱరాయి వానకు తట్టుకొనలేదు గావున ప్రతి యేడును సున్నము తప్పదు. ముఖద్వారమునకు రెండు ప్రక్కల రెండు గోపురము లుండవలసినది. ఒకటి 1776లో కూలెను. తిరిగి కట్టలేదు. మిగిలినదానిలో ‘బంగారు గంట’ యని పేరొందిన పెద్ద గంట వ్రేలాడుచున్నది. ఒక కన్ను పోయిన వృద్ధుడు నిటారుగా నిలిచియున్నట్లు ఆ మందిరము మాకు తోచినది.

ఆనాడు ఆదివారము. మేము లోనికి పోవునప్పటికి ప్రార్థన జరుగుచుండెను. మేము చెప్పులు విడిచి వెనుకవరుసలో నిలుచుంటిమి. గురువు పలుకుచున్నది లాటిను గాదు, పోర్చుగీసును గాదు, కొంకణి. ముసలమ్మలు కొంకణిలోనే బదులు పలుకుచుండిరి. మధ్యమధ్య ఒక్కొక్క సంస్కృతపదము మా చెవికి పరిచితముగా తగిలెను. నీటిని వారు ‘ఉదక’ మందురు. దానిలో విశేష మేమున్నదని చదువరులు అడుగవచ్చును. విశేష మున్నది. ఈ మందిరమునకు ఎదుటనే, ఈ నగరమునుండియే, ఒకనాడు ఆ భాషను మాటాడరాదని శాసనము పుట్టినది. ఆ కథను ముందు చెప్పెదము.

కెథీడ్రలుకు ఎదురుగా, త్రోవ కావలివైపున బోం జీసస్ మందిర మున్నది. 1594లో మొదలై 1605లో పవిత్రీకరింపబడినది. 1542లో గోవా వచ్చి, 1552 డిసెంబరు 3న చైనా తీరమందలి షాంగ్‌చువాన్ ద్వీపమున కన్నుమూసిన ఫ్రాన్సిస్ సేవియరు దేహ మిచ్చట నున్నది. దానిని 1554లో గోవాకు తెచ్చిరి. దేహమున్న వెండిపేటిక గోవా వెండిపనివారి చేతిపని. దానిక్రిందనున్న చలువరాతి సమాధిపీఠము ఇటలీలోని టస్కనీ ప్రభువు మూడవ కోసిమో కానుక. ఫోజీని యను శిల్పి దానిని చెక్కించి పంపగా 1698లో ఇచ్చట కూర్చిరి. మా కన్నులు చలువరాతికంటె వెండిపేటికపైననే నిలిచినవి. పదేండ్లకొకమారు ఆ పేటికను సే మందిరమునకు తరలించి ప్రజలకు దర్శన మిప్పింతురు. ఇటీవల 2024 నవంబరునుండి 2025 జనవరి వరకు ఆ దర్శనము జరిగినది. క్రైస్తవులే గాక హిందువులును బారులుతీరి వచ్చి నమస్కరించుట గోవాలో వింత గాదు.

అచ్చటినుండి పడమరగా ఎత్తుపల్లముల త్రోవను ఎక్కినచో మోంతె సాంతో, అనగా పవిత్రగిరి, వచ్చును. దానిపై అగస్టీను మఠము వారి చర్చి శిథిలములున్నవి. 1602లో పూర్తియైన ఆ మందిరమును 1835లో విడిచిపెట్టిరి. 1842లో కప్పు కూలెను. 1931లో ముఖభాగము పడెను. నేడు 46 మీటర్ల యెత్తుగల గోపురములో సగము మాత్రము ఎఱ్ఱగా ఆకసమునకు చేయెత్తి యున్నది. దానిలోని గంటను 1871లో పణజి చర్చికి కొనిపోయిరి. ఇప్పటికిని అచ్చట మ్రోగుచున్నది ఆ గంటయే.

ఈ శిథిలముల మధ్య మన హైదరాబాదునకు సంబంధించిన కథ యొకటి గలదు. జార్జియా దేశపు రాణి కెతెవాను తన మతమును విడువ నొల్లక 1624లో పారసీక దేశమున షిరాజులో చిత్రవధకు గురియయ్యెను. అచ్చటనున్న అగస్టీను సన్న్యాసులు ఆమె అస్థులను కొన్నిటిని 1627లో గోవాకు తెచ్చి, ఈ మఠమున భద్రపరచిరి. మఠము కూలగా ఆ చోటు మరుగుపడెను. భారత పురావస్తు శాఖవారు త్రవ్వగా కొన్ని ఎముకలు దొరికినవి. అవి యామెవేనా? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వానియందలి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, ఆ వంశలక్షణము భారతదేశమున కానరానిదనియు, జార్జియావారిలో నున్నదనియు తేల్చిరి. 2021 జూలైలో మన విదేశాంగ మంత్రి ఆ అస్థులలో కొంతభాగమును జార్జియా ప్రజలకు కానుకగా నిచ్చెను. తమ రాణిని నాలుగు శతాబ్దములు మరువని చిన్న దేశ మది. ఈ కథ విని మా బాలుడు, “అంతకాలము వెదకిరా?” అని అడిగెను. వెదకిరని చెప్పితిమి.

ఇంత నగరము ఎట్లు పాడుపడెను? శత్రువు వచ్చి తగులబెట్టలేదు. కారణములు పెక్కు. ఎఱ్ఱచిల్లుల నేలలో నీరు సులువుగా నింకును. ఇండ్ల మురికినీరు ఇంకి త్రాగునీటి బావులలోనికి చేరుచుండెను. కలరా, మలేరియా జ్వరములు మరలమరల వచ్చి జనులను కొట్టుకొనిపోయినవి. నదిగర్భమున ఒండ్రు పేరుకొని పెద్ద ఓడలకు లోతు తగ్గెను. డచ్చివారు ఓడలతో వచ్చి రేవును నిర్బంధించి, తూర్పు వర్తకమును తమవైపు త్రిప్పుకొనిరి. 1695లో వైస్రాయియే నివాసము మార్చి పనెలిము పోయెను. 1759లో పణజికి పోయెను. 1775 నాటికి నగరమున మిగిలినవారు సుమారు 1600 మంది. 1834, 1835 సంవత్సరములలో పోర్చుగీసు ప్రభుత్వము సన్న్యాసి మఠములను మూసివేయగా మందిరములకు దిక్కు లేకపోయెను. 1843లో పణజి రాజధానిగా ప్రకటింపబడెను. పాత కట్టడముల రాళ్లు విప్పి అచ్చటికి తరలించిరి. మిగిలిన చర్చిలను, మఠములను 1986లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి.

సాయంకాలము మేము తూర్పుననున్న గుట్ట యెక్కితిమి. దానిపై పర్వతమాత చిన్న మందిర మున్నది. 1510 యుద్ధమున ఆదిల్‌షాహీ సైనికులు ఫిరంగులు నిలిపిన చోటదియే. అచ్చటినుండి చూచినచో మాండవి వెండితీగవలె మెలికలు తిరుగుట, దివాడి, చోరావ్ దీవులు పచ్చగా తేలుట, కొబ్బరిచెట్ల తలలపైన తెల్లని గోపురములు అచ్చటచ్చట లేచియుండుట కనబడును. ఇండ్లు లేవు, వీధులు లేవు. రెండు లక్షలమంది నడచిన నగరముపై చెట్లే యున్నవి. హంపిలో మాతంగపర్వతము ఎక్కి తుంగభద్ర వైపు చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త గాదు. అచ్చట బండలు, ఇచ్చట కొబ్బరులు. తక్కిన దంతయు సమానమే. గుఱ్ఱములను అమ్మిన నగరమును, కొన్న నగరమును రెండును ఇట్లే అయినవి. త్రోవ రెండుకొనలును చూచితిమి గదా యని మాలో పెద్దాయన నిట్టూర్చెను.

మరునాడు దివాడి దీవికి పోతిమి. పాత గోవా రేవునుండి పంటు పోవును. గోదావరి రేవులలో పంటు ఎక్కినవారికి వివరింప పనిలేదు. మోటారుబండ్లు, సైకిళ్లు, చేపలగంపలు, మనుష్యులు అందరు నొకటే బల్లపై. మా మాటలు విని ఒక వృద్ధుడు దగ్గరకు వచ్చి, కన్నడము కలిసిన హిందీలో మా యూరు అడిగెను. ఆయన దివాడివాడు, క్రైస్తవుడు. 1961 డిసెంబరు 19న పోర్చుగీసు పాలన పోయినప్పుడు బడిలో చదువుకొనుచుండెనట. “బడిలో మాకు పోర్చుగీసు చెప్పిరి. అమ్మ మమ్ము తిట్టినది కొంకణిలో. పోర్చుగీసు చాలవరకు మరచితిని. ఆ తిట్లలో నొకటియు మరువలేదు” అని నవ్వెను. పిమ్మట బాలుని చూపి, “బాబుకు మీ భాష వచ్చునా?” అని అడిగెను. “మాటాడును” అంటిమి. “చదువునా?” అనెను. బాలుడు తాతవైపు చూచి, తరువాత నదివైపు చూచెను. “వాని బడిలో ఆ వీలు లేదండి” అని మేము చెప్పితిమి. ఆయన తల యూపి, “మాకును బడిలో వీలు లేదు గదా” అని మెల్లగా ననెను. పంటు రేవు చేరినది. మేము నమస్కరింపగా, “దేవ్ బరెం కరూం” అని దీవించి పోయెను. దేవుడు మేలు చేయుగాక యని దాని యర్థము.

ఆ దీవిలోని కొండపై పియెదాదె చర్చి యున్నది. దాని శ్మశానవాటికలోని చిన్న మందిరము కదంబకాలపు గుడిలోని భాగమని చెప్పుదురు. ఈ దీవిలోనే కదంబుల కులదైవమగు సప్తకోటీశ్వరుని ఆలయ ముండెడిది. బహమనీల కాలమున పాడైనదానిని విజయనగర మంత్రి మాధవుడు ఉద్ధరించెను. పోర్చుగీసువారు మరల కూల్చిరి. భక్తులు లింగమును నది దాటించి ఆవలి నార్వే గ్రామమున నిలిపిరి. అచ్చట ఛత్రపతి శివాజీ 1668లో ఆలయమును కట్టించెను.

ఇక భాష కథకు వత్తము. గోవాలో భాషకు ఉపకారము చేసినవారును, అపకారము చేసినవారును ఒకే ఓడలలో వచ్చిరి. మన దేశమున తొలి అచ్చుయంత్రము 1556లో ఈ పాత గోవాలోనే, సెయింట్ పాల్ కళాశాలలో, పనిచేయ నారంభించెను. 1579లో వచ్చిన తోమాసు స్టీఫెన్సను ఆంగ్లేయ జెసూటు కొంకణి నేర్చి దానికి వ్యాకరణము వ్రాసెను. అది 1640లో రాచోలులో అచ్చైనది. భారతీయ భాషల వ్యాకరణములలో తొలుత అచ్చైనవానిలో నది యొకటి. ఆయనయే మరాఠీలో ఓవీ ఛందస్సున క్రీస్తు పురాణమును రచించి 1616లో వెలువరించెను. కొంకణి, మరాఠీ భాషల రామాయణ భారత కథల ప్రతులు కొన్ని 16వ శతాబ్దిలో రోమను లిపిలో వ్రాయబడి, నేటికిని పోర్చుగల్లులో బ్రాగా నగర గ్రంథాలయమున నున్నవి. నేర్చుకొనుటకు వ్రాయించిరో, ఖండించుటకు వ్రాయించిరో గాని, కొంకణి గద్యమునకు అవి నేడు ఆధారమైనవి.

రెండవవైపు చూడుడు. 1560లో ఇన్‌క్విజిషనను మతవిచారణ న్యాయస్థానము ఇచ్చట నెలకొనెను. నడుమ నాలుగేండ్లు తప్ప 1812 వరకు సాగెను. 1684 జూన్ 27న అల్వోరు ప్రభువను వైస్రాయి ఆజ్ఞ వెలువరించెను. ప్రజలు తమ భాషను మాని మూడేండ్లలోగా పోర్చుగీసు మాత్రమే మాటాడవలెనని దాని సారాంశము. మూడేండ్లు గడచినవి, మూడువందల యేండ్లును గడచినవి. ఆజ్ఞ పుట్టిన నగరము చెట్లపాలయ్యెను. ఆజ్ఞ కులోనైన భాష ఆ నగరపు కెథీడ్రలులోనే ప్రార్థన చేయుచున్నది. దానిని నిలిపినవారు రాజులు గారు, పండితులు మాత్రమే గారు. ఆ మందిరములో మోకరిల్లిన ముసలమ్మలును, ఆ కొండలకు పారిపోయిన గృహస్థులును సమానముగా నిలిపిరి.

ఆ కొండలను చూడక తిరుగరాదని మూడవనాడు ఫోండా ప్రాంతమునకు పోతిమి. 16వ శతాబ్దిలో నదికావలనున్న ఆ కొండలు పోర్చుగీసు పాలనలో లేవు. తీరమున గుళ్లు కూల్చునప్పుడు భక్తులు దేవతలను రహస్యముగా ఏళ్లు దాటించి అచ్చటి లోయలలో దాచిరి. కుశస్థలినుండి మంగేశుడు 1560లో ప్రియోలుకు వచ్చెను. కెళోశినుండి శాంతాదుర్గ కవళెకు, వెర్ణానుండి మహాలస మార్దోళుకు వచ్చిరి. నేటి ఆలయములు తరువాతి కాలమునవి. ముందు కోనేరు, ఏడంతస్తుల దీపస్తంభము, పైన గుమ్మటము, గోడలకు చర్చి కిటికీలవంటి కిటికీలు. ఏ శిల్పుల చేతులు తెల్లని చర్చిలను కట్టినవో ఆ పనితనమే ఈ గుళ్లలోనికి నడచి వచ్చినది. ఆ లోయలలో నిలువక ఇంకను దక్షిణమునకు సాగినవారు మంగళూరు, కొచ్చి వరకు పోయి, పోయినచోట నెల్ల కొంకణిని మాటాడుచు వచ్చిరి. దేవుని చేతులతో మోసిరి. భాషను నాలుకపై మోసిరి.

ఆ ప్రయాస ఫలించుటకు చాలకాలము పట్టినది. కొంకణి స్వతంత్రభాషయా, మరాఠీకి మాండలికమా యను వాదము దీర్ఘముగా నడచెను. 1975లో సాహిత్య అకాడమీ దానిని స్వతంత్రభాషగా గుర్తించెను. 1987 ఫిబ్రవరిలో దేవనాగరి లిపిలోని కొంకణి అధికారభాష యయ్యెను. అదే యేడు మే 30న గోవా రాష్ట్రమయ్యెను. 1992లో కొంకణి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున చేరెను. రవీంద్ర కేళేకరునకు, దామోదర మావుజోకు జ్ఞానపీఠ పురస్కారములు లభించినవి. లిపిని గూర్చిన తగవు తీరలేదు. రోమను లిపిలో వ్రాయువారు తమకును సమానస్థానము కావలెనని అడుగుచున్నారు. కన్నడ, మలయాళ లిపులలో వ్రాయువారును ఉన్నారు. ఇల్లు చెదరినవారి భాషకు ఇట్టి చిక్కులు తప్పవు.

ఈ సంచిక చదువు సోదరీసోదరులు హోసూరులో, మధురలో, తంజావూరులో, బరంపురములో, షోలాపురములో, యానాములో తరతరములుగా నున్నవారు. మనవారు కొందరు రాయల సైన్యముల వెంట పోయిరి. కొందరు మగ్గము భుజాన వేసికొని పోయిరి. యానాములో 1954 వరకు ఫ్రెంచివారి జెండా ఎగిరినను ఇంటిలో తెలుగే మ్రోగినది. తంజావూరు నాయకుల కొలువులో తెలుగు యక్షగానములు వెలసినవి. మనము చెప్పుకొనదగిన గొప్ప లివన్నియు. కాని పంటుపై వృద్ధుడు అడిగిన ప్రశ్నకు మా కొలువుకథలలో జవాబు దొరకలేదు. మన భాషను మాటాడరాదని ఆజ్ఞ యిచ్చిన వైస్రాయి మన కెవ్వడును లేడు. మన ఇంటిలో మూడేండ్ల గడువు పెట్టినవారును లేరు. ఏ గడువును లేకయే, ఏ శిక్షయు లేకయే, ఒక్కొక్క తరమునకు కొంచెము కొంచెముగా మనమే జారవిడుచుచున్నాము. మొదట చదువు పోవును. పిమ్మట సామెతలు పోవును. పిమ్మట అమ్మమ్మతో మాట పోవును. బడిని నిందించుట సులువు. బడిలేని మూడువందల యేండ్లు కొంకణి ఎట్లు నిలిచినదో చూచివచ్చిన పిమ్మట ఆ నింద మా నోట రాకున్నది.

రాతికట్టడమునకు ఏటేట సున్నము వేయవలెను. మానినచో ఎఱ్ఱరాయి కరగును. భాషకును దినదినము పలుకు కావలెను. ఈ చిన్నపాటి నిజమును తెలిసికొనుటకు మేము అంతదూరము పోవలసి వచ్చినది.

తిరుగు ప్రయాణమున బండి కొండ యెక్కుచుండగా దూధ్‌సాగరము మరల కనబడెను. బాలుడు తన చిత్రముల పుస్తకమున నదిని గీచి, దానిక్రింద పేరు వ్రాయబోయి ఆగి, “తాతయ్యా, మాండవి యని తెలుగులో ఎట్లు వ్రాయవలెను?” అని అడిగెను. తాత పెన్సిలు తీసికొని వ్రాసి చూపెను. మూడక్షరములు, నడుమ నొక సున్న. బాలుడు ఆ సున్నను కొంచెము పెద్దదిగా వ్రాసెను. మేము దిద్దలేదు.